డీప్ సైకిల్ బ్యాటరీలు: అంకె ఒకటే, సరుకు వేరు
(మా వాణిజ్య విలేఖరి)

హైదరాబాదు: ఎండలు ముదిరే ముందు పాతబస్తీ ఎలక్ట్రికల్ దుకాణాలలో ఇన్వర్టరు బ్యాటరీలకు గిరాకీ కదలడం ఏటా వున్నదే. అయితే గిరాకీ తీరు మాత్రం మారింది. 2012-13లో కరెంటు కోతలు తీవ్రంగా వున్న రోజుల్లో బ్యాటరీ కొన్నవారు ముఖ్యంగా నగరంలోని దుకాణదారులు, ఇళ్లవారు. కోతలు తగ్గిన తరువాత నగరపు గిరాకీ నెమ్మదించి, బయటి గిరాకీ పెరిగింది. తోటలో ఇల్లు కట్టుకున్నవారు, కోళ్ల షెడ్ల యజమానులు, కరెంటు స్తంభం చేరని చోట సౌరపలకల మీద ఆధారపడేవారు డీప్ సైకిల్ బ్యాటరీ కోసం బజారుకు వస్తున్నారు. కరెంటు పోయినపుడు మాత్రమే పనిచేసే బ్యాటరీ వేరు, కరెంటే లేనిచోట ప్రతి రాత్రీ పనిచేసే బ్యాటరీ వేరు. ఈ తేడా గుర్తించని వర్తకుడు నష్టపోక తప్పదు.

షాలిబండ వైపు దుకాణం వున్న ఒక వర్తకుని అనుభవం ఇందుకు ఉదాహరణ. ఆయన కల్వకుర్తి రోడ్డులో తోట వున్న ఒక ఖాతాదారుకు నాలుగు 150 ఏ.హెచ్. బ్యాటరీలు, ఒక కిలోవాటు సౌరపలకలు అమ్మారు. పదునాలుగు నెలలు తిరగకముందే నాలుగు బ్యాటరీలూ తిరిగి దుకాణం గుమ్మంలోకి వచ్చాయి. కంపెనీ వారు పరీక్షించి, ఇది తయారీ లోపం కాదని, వారంటీ వర్తించదని చెప్పారు. ఖాతాదారు పాతవాడు, పోగొట్టుకోలేని వాడు. సగం ధర వర్తకుడు తన చేతి నుండే భరించవలసి వచ్చింది. తప్పు ఎక్కడ జరిగిందో ఈ వ్యాసం చివరకు తేలుతుంది. ముందుగా సరుకును తెలుసుకొనడం అవసరం.

ఒకే పేరు, రెండు పనులు

సీసపు బ్యాటరీ కొత్త సరుకు కాదు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గాస్టన్ ప్లాంటే 1859లో దీనిని కనిపెట్టాడు. 1881లో కామీ ఫోర్ సీసపు ప్లేటు మీద సీసపు ఆక్సైడు ముద్ద పూసే పద్ధతి తెచ్చిన తరువాత ఇది వ్యాపార సరుకైనది. రసాయనం నేటికీ అదే. మారినదల్లా ప్లేటు కట్టడం.

మోటారు స్టార్టు చేసే బ్యాటరీలో ప్లేట్లు పలుచన, సంఖ్య ఎక్కువ. యాసిడ్ తగిలే వైశాల్యం ఎక్కువ కనుక కొద్ది సెకన్లపాటు వందల ఆంపియర్లు ఇవ్వగలదు. ఆ వెంటనే ఆల్టర్నేటరు దానిని నింపుతుంది. అది ఎన్నడూ ఖాళీ కాదు. దానినే రాత్రంతా ఫ్యాను తిప్పడానికి పెట్టి, పదేపదే అడుగంటా ఖాళీ చేస్తే ప్లేటు మీది ముద్ద మెత్తబడి రాలి అడుగున చేరుతుంది. కొద్ది నెలల్లోనే పని ముగుస్తుంది.

డీప్ సైకిల్ బ్యాటరీలో ప్లేటు మందం. వాటిలో మేలైన రకం ట్యూబులర్. ఇందులో పాజిటివ్ ప్లేటు చదునుగా వుండదు. దువ్వెన పళ్ల వలె నిలువుగా సీసపు కడ్డీలుంటాయి. ఒక్కొక్క కడ్డీ చుట్టూ పాలిస్టరు గొట్టం, ఆ గొట్టంలో సీసపు ఆక్సైడు కూరి వుంటుంది. గొట్టం పట్టి వుంచుతుంది గనుక ముద్ద సులభంగా రాలదు. ఆయువుకు మూలం ఇదే.

కడ్డీలోని మిశ్రలోహం కూడా ముఖ్యమే. సీసంలో ఆంటిమొనీ కలిపితే లోతు డిశ్చార్జికి ప్లేటు ఓర్చుకుంటుంది, కాని నీళ్లు తొందరగా తగ్గుతాయి. కాల్షియం కలిపితే నీళ్లు అంతగా తగ్గవు, కాని రోజూ అడుగంటా ఖాళీ చేసే పనికి అంత అనువు కాదు. నీళ్లు పోయనక్కరలేదన్న మాట ఒక్కటే మేలు గుణంగా అమ్మేవారు ఈ రెండో సంగతి కూడా చెప్పడం మంచిది.

సీలు వేసిన వి.ఆర్.ఎల్.ఏ. రకం, జెల్ రకం మూసిన గదులకు, టెలిఫోను టవర్లకు అనుకూలం. వాసన, యాసిడ్ తుంపర వుండవు. అయితే ఒకసారి లోపలి తేమ ఆరితే తిరిగి పోసే మార్గం లేదు. వేడి తగిలే రేకుల షెడ్డులో వీటికంటే నీళ్లు పోసే ట్యూబులరే నిలుస్తుంది.

అంకె వెనుక అంకె

బజారులో జరిగే తగాదాలలో చాలావరకు 150 ఏ.హెచ్. అన్న అంకె దగ్గరే పుడతాయి. ఏ.హెచ్. అనగా ఆంపియర్ అవర్. ఎన్ని ఆంపియర్లు, ఎన్ని గంటలు ఇచ్చినదీ గుణించగా వచ్చే సంఖ్య. కాని బ్యాటరీ నుండి కరెంటు ఎంత నెమ్మదిగా తీస్తే అంత ఎక్కువ వస్తుంది, తొందరగా తీస్తే తక్కువ వస్తుంది. అందుచేత ఎన్ని గంటల్లో ఖాళీ చేసి కొలిచారన్నది తెలియనిదే ఈ అంకెకు విలువ లేదు.

సి-20 అని వుంటే 20 గంటల్లో, అంటే 7.5 ఆంపియర్ల చొప్పున తీస్తే 150 వస్తుందని అర్థం. సి-10 అని వుంటే 10 గంటల్లో, 15 ఆంపియర్ల చొప్పున తీసినా 150 వస్తుంది. సి-20 మీద 150 చూపే ట్యూబులర్ బ్యాటరీని సి-10 మీద కొలిస్తే ఇంచుమించు 130 వస్తుంది. కనుక సి-10 150, సి-20 150 పక్కపక్కన పెట్టి, రెండోది చవక అనడం సరైన బేరం కాదు. రెండోది తక్కువ సరుకు, తక్కువ ధర. అంతే.

ఏ వోల్టేజి దాకా దించి కొలిచారన్నది రెండో ప్రశ్న. 12 వోల్టుల బ్యాటరీని 10.5 దాకా దించినవారు, 10.8 దాకా దించినవారు, 11.1 దాకా దించినవారు కూడా వున్నారు. ఎంత కిందికి దించితే అంకె అంత పెద్దదవుతుంది. టోకున కొనేవారు కంపెనీ వారి సాంకేతిక పత్రం అడిగి ఈ రెండు వివరాలూ చూచుకోవాలి.

ఒక దుకాణం లెక్క చూద్దాం. అయిదు 20 వాట్ల దీపాలు, మూడు 75 వాట్ల ఫ్యాన్లు, బిల్లింగు కంప్యూటరుకు 100 వాట్లు, మొత్తం 425 వాట్లు. ఇన్వర్టరులో పోయేది పోగా బ్యాటరీ నుండి సుమారు 44 ఆంపియర్లు లాగుతుంది. 150ని 44తో భాగిస్తే మూడు గంటల ఇరవై నిమిషాలు దాటి వస్తుంది. ఖాతాదారుకు సాధారణంగా చెప్పేది ఇదే. వాస్తవంలో ఇంత వేగంగా తీసినపుడు సి-10 ట్యూబులర్ కూడా తన సామర్థ్యంలో మూడింట రెండు వంతులకు అటు ఇటుగా మాత్రమే ఇస్తుంది. కొత్త బ్యాటరీ సైతం రెండుంబావు గంటలకు ఆగుతుంది. ముందే ఈ మాట చెబితే ఫిర్యాదు రాదు.

కాటా చెప్పే సాక్ష్యం

సీసపు బ్యాటరీ ధరలో పెద్ద భాగం సీసం ధరే. లండన్ లోహాల ఎక్స్ఛేంజిలో 2024, 2025 సంవత్సరాలలో సీసం టన్ను 2,000 డాలర్లకు అటు ఇటుగా తిరిగింది. బొంబాయి ఎం.సి.ఎక్స్.లో కిలో చొప్పున వ్యాపారం జరుగుతున్నది. దేశంలో గని నుండి సీసం తీసే ప్రధాన సంస్థ హిందుస్థాన్ జింక్. ఒకప్పుడు గుంటూరు జిల్లా అగ్నిగుండాల ప్రాంతంలోని బండ్లమోటు గనిని కూడా ఆ సంస్థే నడిపింది. అయితే నేడు బ్యాటరీలలోకి వెళ్లే సీసంలో చాలా భాగం పాత బ్యాటరీలు కరిగించగా వచ్చినదే.

ఈ ధర మీద సీసం తగ్గించకుండా బ్యాటరీ ధర బాగా తగ్గించడం ఏ తయారీదారుకూ సాధ్యం కాదు. 150 ఏ.హెచ్. పొడవు ట్యూబులర్ బ్యాటరీ యాసిడ్‌తో కలిపి సాధారణంగా 50 నుండి 65 కిలోల మధ్య తూగుతుంది. అదే అంకెతో వచ్చిన బ్యాటరీ బాగా తేలికగా వుంటే అనుమానించవలసిందే.

అయితే తూకంలోనూ మోసపోయే అవకాశం వున్నది. పెట్టె పెద్దది చేసి, యాసిడ్ ఎక్కువ పోస్తే నిండు బరువు పెరుగుతుంది. యాసిడ్ చవక, సీసం ఖరీదు. కనుక పోల్చవలసినది నిండు బరువు కాదు, యాసిడ్ లేని పొడి బరువు. పేరున్న కంపెనీల సాంకేతిక పత్రాలలో రెండు బరువులూ వుంటాయి. పొడి బరువు చెప్పలేని సరుకుకు సి-10 ధర ఇవ్వడం అనవసరం.

చార్జి చేసి కొన్ని గంటలు వదిలిన తరువాత హైడ్రోమీటరుతో ఆరు సెల్లులనూ చూడాలి. మన దేశపు వేడికి తగినట్లు ట్యూబులర్ బ్యాటరీలలో నిండు చార్జి గ్రావిటీ సాధారణంగా 27 డిగ్రీల వద్ద 1.240 దగ్గర వుంచుతారు. గ్రావిటీకి 0.84 కలిపితే ఒక సెల్లు వోల్టేజి ఇంచుమించుగా తెలుస్తుంది. 1.240కి 2.08 వోల్టులు. ఆరు సెల్లులకు 12.48. చల్లని దేశాల పుస్తకాలలో 12.7 అని చూచి, 12.5 చూపే మంచి సరుకును తిప్పి పంపేవారు వున్నారు. అది పొరపాటు. ఆరు సెల్లులలో ఒకటి మాత్రం మిగతావాటికంటే 25 పాయింట్లు, అంటే 0.025, తక్కువ చూపితే ఆ బ్యాటరీని పక్కన పెట్టాలి. పాత బ్యాటరీకి పైపెట్టె శుభ్రం చేసి, కొత్త లేబుల్ అంటించి అమ్మే సరుకు చాలావరకు ఈ పరీక్షలో బయటపడుతుంది.

ప్రమాణాల సంఖ్య కూడా చూడాలి. ట్యూబులర్ మోనోబ్లాక్ బ్యాటరీలకు ఐ.ఎస్. 13369, సీలు వేసిన వి.ఆర్.ఎల్.ఏ. రకానికి ఐ.ఎస్. 15549, సౌరవిద్యుత్తు పనికి ఐ.ఎస్. 16270 వర్తిస్తాయి. ఐ.ఎస్. 7372 మోటారు వాహనాల బ్యాటరీలది. వాహనపు ప్రమాణం చూపి సౌరవిద్యుత్తుకు అమ్మజూపితే ఆ బేరం అక్కడితో ఆపివేయాలి.

సైకిలు ఖర్చు: ఒక లెక్క

నాణ్యతను ధరలోకి మార్చి చూపగలిగినదే వర్తకుని లెక్క. బ్యాటరీని ఒకసారి ఖాళీ చేసి, తిరిగి నింపడం ఒక సైకిలు. ఈ కింది ధరలు, సైకిళ్లు లెక్క చూపడానికి వేసుకున్నవే గాని బజారు రేట్లు కావు. వర్తకులు తమ కొనుగోలు ధర, కంపెనీ పత్రంలోని సైకిళ్లు వేసి ఇదే లెక్క చేసుకోవచ్చు.

మొదటిది, చదును ప్లేటు బ్యాటరీ, 150 ఏ.హెచ్. ధర రూ. 9,000, సైకిళ్లు 400, చివర తుక్కు విలువ రూ. 2,000. రెండవది, పొడవు ట్యూబులర్, 150 ఏ.హెచ్. ధర రూ. 15,000, సైకిళ్లు 1,200, తుక్కు విలువ రూ. 4,000. మూడవది, లిథియం ఐరన్ ఫాస్ఫేట్, 12.8 వోల్టులు, 100 ఏ.హెచ్. ధర రూ. 24,000, సైకిళ్లు 3,000. తుక్కు విలువ సున్న అనుకుందాం.

సీసపు బ్యాటరీలను 80 శాతం వాడితే ఒక సైకిలుకు 1.44 యూనిట్లు. లిథియంను 90 శాతం వాడితే 1.15 యూనిట్లు. తుక్కు విలువ తీసివేయగా, జీవితకాలంలో ఇచ్చే ఒక్కొక్క యూనిట్టుకు బ్యాటరీ ఖర్చు చదును ప్లేటుకు రూ. 12.15, ట్యూబులర్‌కు రూ. 6.37, లిథియంకు రూ. 6.94 పడుతుంది. రోజూ ఒక సైకిలు చొప్పున వాడితే చదును ప్లేటు పదమూడు నెలలు, ట్యూబులర్ మూడేళ్ల మూడు నెలలు, లిథియం ఎనిమిదేళ్లు పైబడి వస్తుంది. కరెంటు లేనిచోట చవక బ్యాటరీయే అన్నిటికంటే ఖరీదైనదని ఈ లెక్క చెబుతున్నది.

ఇప్పుడు పత్తర్‌గట్టీలోనో, లాడ్‌బజారులోనో వున్న ఒక దుకాణం తీసుకుందాం. ఇక్కడ ఏడాదికి మొత్తం ముప్పై సైకిళ్లకు మించి పని లేదనుకుందాం. ఇలాంటిచోట బ్యాటరీ సైకిళ్లు అయిపోయి చావదు, వయసు తీరి చస్తుంది. చదును ప్లేటుకు నాలుగేళ్లు, ట్యూబులర్‌కు ఆరేళ్లు, లిథియంకు పదేళ్లు ఆయువు వేసుకుంటే యూనిట్టు ఖర్చు వరుసగా సుమారు రూ. 40, రూ. 42, రూ. 69. వరుస తలకిందులైనది. అడవి అంచు ఇంటికి నష్టమైన సరుకే లాడ్‌బజారు దుకాణానికి సరిపోయే సరుకు కావచ్చు.

ఏది మంచి బ్యాటరీ అని అడిగిన ఖాతాదారును, ఏడాదిలో ఎన్నిసార్లు ఖాళీ చేస్తావని ముందుగా ఎదురు ప్రశ్న వేయవలసిన అవసరం ఇందువల్లనే.

లిథియం రాక

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ పదార్థాన్ని 1997లో అమెరికాలో జాన్ గుడినఫ్ బృందం వెల్లడించింది. లిథియం అయాన్ బ్యాటరీ కృషికి ఆయనకు మరిద్దరితో కలిసి 2019లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ రకం తేలిక, నీళ్లు అక్కరలేదు, సగం చార్జిలో వదిలినా పాడు కాదు. పెట్టిన కరెంటులో 95 శాతం దాకా తిరిగి ఇస్తుంది. సీసపు బ్యాటరీ 80, 85 శాతం మించి ఇవ్వదు. సౌరపలకలు తక్కువ వున్నచోట ఈ తేడా లెక్కలోకి వస్తుంది.

పన్ను విషయం కూడా వర్తకులు గమనించాలి. లిథియం బ్యాటరీల మీద జి.ఎస్.టి. 2018 జులైలోనే 28 నుండి 18 శాతానికి దిగింది. సీసపు బ్యాటరీల మీద 28 శాతం 2025 సెప్టెంబరు 21 దాకా కొనసాగి, 22 నుండి 18 శాతమైనది. ఏడేళ్లపాటు లిథియంకు వున్న పన్ను వెసులుబాటు దీనితో పోయింది.

లిథియం కొనుగోలులో చూడవలసినవి మూడు. మొదటిది రసాయనం. ఐరన్ ఫాస్ఫేట్ సెల్లు 3.2 వోల్టులు, నాలుగు కలిపితే 12.8. ప్యాకు మీద 11.1 వోల్టులు అని వుంటే అది 3.7 వోల్టుల వేరే లిథియం సెల్లులు మూడు కలిపినదని అర్థం. వేడికి ఓర్చుకొనడంలో ఐరన్ ఫాస్ఫేటే మేలు. రెండవది, లోపలి రక్షణ సర్క్యూటు ఎన్ని ఆంపియర్లు భరించగలదన్నది. మూడవది, ఖాతాదారు పాత ఇన్వర్టరులో లిథియం చార్జింగు ఏర్పాటు వున్నదా అన్నది. వాడిన సెల్లులతో కట్టిన ప్యాకు బయటకు కొత్తదాని వలెనే కనపడుతుంది. తయారీ సంస్థ పేరు, తేదీ, సెల్లు వివరం బిల్లుపై రాయని చోట కొనకూడదు.

మన తెలుగువారి తయారీదారులూ ఈ దిశగా కదులుతున్నారు. 1977లో హైదరాబాదులో మొదలైన హెచ్.బి.ఎల్. పరిశ్రమలకు, రైల్వేలకు బ్యాటరీలు చేసి పేరు తెచ్చుకున్నది. 1985లో ఏర్పడి తిరుపతి సమీపంలోని కరకంబాడి కేంద్రంగా పెరిగిన అమరరాజా, మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లి వద్ద లిథియం కర్మాగారం కోసం 2022 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకొని, 2023 మేలో శంకుస్థాపన చేసింది. 1947లో ఏర్పడిన కలకత్తా సంస్థ ఎక్సైడ్ కూడా లిథియం సెల్లుల తయారీలో దిగింది. అయితే ఒకే కంపెనీ పేరు మీద చవక వరుస, మేలు వరుస రెండూ బజారుకు వస్తాయి. కనుక కంపెనీ పేరు చూచి కాక, మోడలు చూచి కొనాలి.

ఎండ, నీళ్లు, నిలువ సరుకు

వేడి పది డిగ్రీలు పెరిగితే సీసపు బ్యాటరీ ఆయువు ఇంచుమించు సగమవుతుంది. 27 డిగ్రీల లెక్క మీద రాసిన ఆయువు, మే నెలలో రేకుల కింద నిలవదు. మిద్దె మీద నీటి ట్యాంకు పక్కన పెట్టే అలవాటు మానిపించాలి. నీడ, గాలి రెండూ వుండాలి. చార్జి సమయంలో హైడ్రోజన్ వాయువు వస్తుంది కనుక మూసిన అలమారాలో పెట్టరాదు.

పోయవలసినది డిస్టిల్డ్ నీళ్లు మాత్రమే. బోరు నీళ్లలోని లవణాలు, ఇనుము ప్లేటును తింటాయి. వడపోత యంత్రం నుండి వచ్చే తాగునీరు కూడా దీనికి పనికిరాదు. ఒకసారి పోసిన ఉప్పు తిరిగి బయటకు రాదు. తగ్గినపుడు నీళ్లే పోయాలి గాని యాసిడ్ పోయకూడదు.

నిలువ సరుకు సంగతి వర్తకునికి మరీ ముఖ్యం. యాసిడ్ పోసిన బ్యాటరీ గోదాములో ఊరికే వున్నా చార్జి కోల్పోతూనే వుంటుంది. వేసవిలో ఇంకా తొందరగా కోల్పోతుంది. ఖాళీగా వున్న ప్లేటు మీద సల్ఫేటు గట్టిపడి, తరువాత ఎంత చార్జి పెట్టినా కరగదు. రెండు, మూడు నెలలకొకసారి చార్జి పెట్టి వుంచాలి. ముందు వచ్చినది ముందు అమ్మాలి. సీజనుకు ముందు చవకగా వచ్చిందని పాత తేదీ సరుకు పెద్ద లాటు ఎత్తేవారు, ఆ తగ్గింపు ఎందుకిస్తున్నారో ఆలోచించుకోవాలి.

పెద్ద లాటు కొనేటపుడు రెండు బ్యాటరీలు తామే ఎంచి, నిండా చార్జి చేసి, 15 ఆంపియర్ల లోడు మీద ఎన్ని గంటలు నిలుస్తాయో చూడాలి. ట్యూబులర్ బ్యాటరీ మొదటి సైకిలులోనే పూర్తి సామర్థ్యం చూపకపోవచ్చు. మూడు నాలుగు సైకిళ్ల తరువాత కూడా పది గంటల దరిదాపుకు రాకుంటే అది చెప్పిన సరుకు కాదు.

వారంటీలోని రెండు ముక్కలు

లేబుల్ మీద 60 నెలలని పెద్ద అక్షరాలలో వున్నా, కార్డు లోపల 36 నెలలు ఉచిత మార్పిడి, మిగిలిన 24 నెలలు వాడకం ధర తగ్గించి ఇచ్చే రాయితీ మాత్రమే అని వుండవచ్చు. ఆ రాయితీ అప్పటి జాబితా ధర మీద లెక్కిస్తారు గనుక, బజారు తగ్గింపుతో పోలిస్తే మిగిలేది కొద్ది. రెండు సరుకులను పోల్చేటపుడు మొదటి అంకెనే పోల్చాలి. చార్జి చాలక సల్ఫేటు కట్టినవి, నీళ్లు ఎండినవి, చెడునీరు పోసినవి వారంటీలోకి రాకపోవడం సాధారణం.

పాత బ్యాటరీ ఎటు పోతున్నది

2022 ఆగస్టులో కేంద్రం తెచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు 2001 నాటి నిబంధనల స్థానంలో వచ్చాయి. పాత బ్యాటరీలు రిజిస్టరయిన రీసైక్లర్లకు చేరేటట్లు చూసే బాధ్యతను ఇవి తయారీదారుల మీద పెట్టాయి. వీధిలో తిరిగే కబాడీ ఒక కిలోకు నాలుగు రూపాయలు ఎక్కువ ఇవ్వవచ్చు. కాని ఆ బ్యాటరీ ఏదో ఒక పెరట్లో పగిలి, యాసిడ్ కాలువలోకి, సీసపు పొగ పక్కింటి పిల్లల ఊపిరిలోకి పోయే ప్రమాదమున్నది. పిల్లల రక్తంలో సీసానికి హాని లేని మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. పాతబస్తీకి ఆనుకొని వున్న కాటేదాన్ పారిశ్రామికవాడ మట్టిలో సీసంతో సహా బరువు లోహాలు అధికంగా వున్నట్లు హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞుల అధ్యయనం 2008లో వెల్లడించింది. ఆ చుట్టుపక్కల వుండేవారిలో మన హమాలీల, కారిగర్ల కుటుంబాలు కూడా వున్నాయి. నాలుగు రూపాయల బేరంలో ఈ ఖర్చు కూడా కలిపి చూడాలి.

ఆ నాలుగు బ్యాటరీల కథ

షాలిబండ వర్తకుని తప్పు ఎక్కడున్నది? ఆయన అమ్మిన బ్యాటరీలు సి-20 మీద 150 గలవి. తోట యజమాని సి-10 లెక్క వేసుకొని లోడు పెట్టారు. ఇది మొదటి తప్పు. అసలు తప్పు సౌరపలకలది. నాలుగు బ్యాటరీలను 80 శాతం వాడితే 5.76 యూనిట్లు. నష్టాలు పోగా వాటిని తిరిగి నింపడానికి రోజుకు ఏడున్నర యూనిట్లకు పైగా కావాలి. మన ప్రాంతంలో ఒక కిలోవాటు పలకలు సగటున రోజుకు నాలుగు యూనిట్లు ఇస్తాయి. అంటే కావలసినవి సుమారు రెండు కిలోవాట్లు, పెట్టినది ఒకటి. మబ్బు పట్టిన రోజుల్లో అదీ సగమే. ఫలితంగా బ్యాటరీలు నెలల తరబడి సగం ఆకలితో పనిచేశాయి. ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడింది. కంపెనీ వారు చూచినది అదే. బ్యాటరీ మంచిదైనా, చెడ్డదైనా ఆ తోటలో గతి అదే అయి వుండేది.

ఇప్పుడాయన దుకాణంలో గల్లా పక్కన ఒక కాటా వున్నది. బిల్లు మీద మోడలుతో పాటు సి-10 లేక సి-20 అని, పొడి బరువు, తయారీ తేదీ, ఖాతాదారు చెప్పిన లోడు, పలకల వాట్లు రాసి సంతకం తీసుకుంటున్నారు. ఒక 150 ఏ.హెచ్. బ్యాటరీని రోజూ వాడేవారికి 500 వాట్లకు తక్కువ పలకలైతే అమ్మడం లేదు. దీనివల్ల కొన్ని బేరాలు పక్క దుకాణానికి పోయిన మాట నిజమేనని ఆయనే ఒప్పుకుంటున్నారు. తిరిగి వచ్చే సరుకు మాత్రం తగ్గిందట.

ఈ సీజనుకు సరుకు ఎత్తే వర్తకులు రేటు అడగడానికి ముందు సి-10 సామర్థ్యం, చివరి వోల్టేజి, పొడి బరువు, సైకిళ్లు, ఉచిత మార్పిడి నెలలు, తయారీ తేదీ, ఈ ఆరూ కాగితం మీద తీసుకొనడం మేలు. ఇవి ఇచ్చిన తరువాత చెప్పే రేటుకే అర్థం వుంటుంది.